పెద్దాయన్ని నేను అడగని ప్రశ్న

అమెరికా వెళ్ళి వచ్చినవాళ్ళు నయాగరా జలపాతం గురించి రాయడం మన పత్రికలో ఆనవాయితీ. నేను నయాగరా చూడలేదు. నా మోకాళ్ళు సహకరించలేదు, మా అల్లుడికి సెలవు దొరకలేదు. 2024 మే నుంచి అక్టోబరు దాకా నార్త్ కరోలినా రాష్ట్రంలో కేరీ అనే ఊళ్ళో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. అన్ని నెలల్లో నేను నిదానంగా చూసినవి రెండే. ఒకటి కూరగాయల తోట, రెండోది ఒక పల్లెటూరి రోడ్డు. సంపాదకులు "ఏదో ఒకటి రాయండి టీచరుగారూ" అని మూడు సంచికలుగా అడుగుతున్నారు కనుక ఆ రెండింటి గురించే రాస్తున్నాను.

నన్ను ఎరగని పాఠకుల కోసం ఒక్క మాట. మాది బరంపురం. మా తాతగారి చిన్నతనంలో అది మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న కొత్తగా ఏర్పడిన ఒరిస్సాలోకి వెళ్ళింది. మా ఇల్లు కదల్లేదు, మేమూ కదల్లేదు, సరిహద్దే కదిలింది. ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను.

కేరీలో మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. మా అమ్మాయి వాళ్ళ ఇంటికి దగ్గర్లో ఉమ్మడి తోట ఒకటి ఉంది. ఏడాదికింత అని కడితే ఒక్కో కుటుంబానికి ఒక్కో మడి ఇస్తారు. మా అమ్మాయి మడిలో గోంగూర, ఆనప, వంగ. పక్క మడి ఎనభై ఏళ్ళకు దగ్గర్లో ఉన్న ఒక పెద్దాయనది. నల్లవారు. (మా చిన్నప్పటి పాఠ్యపుస్తకాల్లో "నీగ్రోలు" అని ఉండేది. విమానాశ్రయం నుంచి ఇంటికి వెళ్ళే దారిలోనే "అమ్మా, ఆ మాట ఇక్కడ నోట రానివ్వకు" అని మా అమ్మాయి ముందే హెచ్చరించింది.) ఆయన వ్యవసాయ శాఖలో విస్తరణాధికారిగా పనిచేసి రిటైరయ్యారు. మడి చూస్తే చాలు, ఎలాంటి మనిషో తెలుస్తుంది. గట్లు దారం పట్టి గీసినట్టుంటాయి. ఒక్క కలుపు మొక్క కనిపించదు.

ఆయన మడిలో సగం బొబ్బర్లు. నేను ఆకు చూసే పోల్చుకున్నాను. మన అలసందలే. వాళ్ళు కంటిబొట్టున్న ఆ గింజల్ని కొత్త సంవత్సరం రోజున తప్పకుండా వండుకుంటారట. అది ఆఫ్రికాలో పుట్టిన పంట. అక్కణ్ణుంచి మన దేశానికి ఎన్నో వేల ఏళ్ళ కిందటే వచ్చింది. అమెరికాకు బానిసల ఓడల కాలంలో వెళ్ళింది. ఇదంతా క్లాసులో చెప్పినదాన్నే. మరి ఆ మడి పక్కన నిలబడి నేనేం చేశాను? "మీ చిన్నతనంలో మీకు వేరే బళ్ళు, బస్సుల్లో వేరే సీట్లు ఉండేవట కదా, చాలా కష్టాలు పడి ఉంటారు" అన్నాను.

ఆయన మర్యాదస్తుడు. చేతులు దులుపుకుని తను చదివిన బడి గురించి, పాత పుస్తకాల గురించి చెప్పారు. మర్నాడు మార్టిన్ లూథర్ కింగ్ గురించి అడిగాను. దానికీ జవాబిచ్చారు. మూడో రోజు నేను నోరు తెరవబోతుంటే నవ్వుతూ అన్నారు: "మీరు జీవశాస్త్రం టీచరని మీ అమ్మాయి చెప్పింది. నేను నలభై ఏళ్ళు మట్టితో పనిచేశాను. మీరు ఇంతవరకూ నన్ను మట్టి గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు."

కోపంగా అనలేదు. అయినా నాకు చెంపమీద కొట్టినట్టయింది. ఎందుకంటే ఆ దెబ్బ నేను తిన్నదే.

అది చెప్పక తప్పదు. కొన్నేళ్ళ కిందట మా పేట చెరువును పూడ్చి దుకాణాల సముదాయం కడతారన్న ప్రతిపాదన వచ్చింది. దాని మీద బహిరంగ సభ పెట్టారు. నేను నెల రోజులు కూర్చుని నోట్సు తయారు చేసుకున్నాను. చెరువులోకి నీరొచ్చే కాలువలు ఎన్ని, అందులో ఎన్ని మూసుకుపోయాయి, వానాకాలానికీ వేసవికీ చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టం ఎంత తేడా, ఏయే పిట్టలు వస్తున్నాయి, అన్నీ రాసుకున్నాను. పేరు పిలిచారు, లేచాను. వేదిక మీదున్న పెద్దమనిషి నన్ను గుర్తుపట్టి ఎంతో ఆదరంగా ఒడియాలో అన్నారు: "తెలుగు బడి విషయం ఇవాళ్టి ఎజెండాలో లేదు మేడమ్. దానికి వేరే రోజు పెడదాం."

ఎవరూ నవ్వలేదు. వెటకారమూ కాదు. ఆయన దృష్టిలో తెలుగావిడ లేచిందంటే తెలుగు బడి గురించే. చెరువు గురించి అని చెప్పాక చివర్లో రెండు నిమిషాలిచ్చారు. అప్పటికి సగం హాలు ఖాళీ. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. తెలుగు బడి విషయం నాకు ముఖ్యం కాదా? ప్రాణం. దాని కోసం ఎన్ని కచేరీల చుట్టూ తిరిగానో నాకే తెలుసు. కానీ నాకు చెరువూ తెలుసు. ఈ పత్రిక చదివే హోసూరు, షోలాపూరు, యానాం వాళ్ళకు దీన్ని ఇంకా విడమరిచి చెప్పనక్కరలేదనుకుంటాను.

అలాంటి నేనే ఆ పెద్దాయన్ని జాతి అనే ఒక్క గదిలో కూర్చోబెట్టి, ఆ గది కిటికీలోంచే మాట్లాడమన్నాను. క్షమాపణ చెప్పి, ఆ రోజే మట్టి గురించి అడిగాను. సాయంత్రం దాకా చెప్పారు.

పత్తి వేసిన నేల

ఆయన చదువంతా కార్వర్ చదువు. జార్జ్ వాషింగ్టన్ కార్వర్ పేరు మనలో చాలామంది వినే ఉంటారు, వేరుశనగ శాస్త్రవేత్త అని. 1864 ప్రాంతంలో మిస్సోరీ రాష్ట్రంలో బానిసగా పుట్టిన మనిషి. 1896లో అలబామా రాష్ట్రంలోని టస్కీజీ విద్యాసంస్థలో వ్యవసాయ విభాగానికి వచ్చారు. ఏళ్ళ తరబడి పత్తి తరవాత పత్తే వేసి వేసి అక్కడి నేల పీల్చేసినట్టయిపోయింది. బొబ్బర్లు, వేరుశనగ లాంటి కాయధాన్యాల వేళ్ళ బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తుంది. ఎరువు కొనలేని పేద రైతుకు అదే ఎరువు. కార్వర్ చెప్పింది అది. ఊరికే చెప్పడం కాదు, చిన్న చిన్న పుస్తకాలు వేశారు. పంట ఎలా వేయాలి, దాంతో ఏమేం వండుకోవచ్చు, అన్నీ అందులోనే. బొబ్బర్ల మీద కూడా పుస్తకం వేశారు. 1906లో గుర్రబ్బండి మీద పనిముట్లు, విత్తనాలు పెట్టి ఊరూరా తిరిగే బడి మొదలుపెట్టారు. బడికి రాలేని రైతు దగ్గరకు బడే వెళ్ళింది. (వేరుశనగ వెన్న ఆయనే కనిపెట్టారని మన పిల్లల పుస్తకాల్లో రాస్తుంటారు. అది తప్పు. అంతకుముందు నుంచే ఉంది.)

పెద్దాయన నాకు మరీ ఇష్టంగా చెప్పింది 1921 జనవరి సంగతి. విదేశాల నుంచి చవగ్గా వచ్చే వేరుశనగ మీద సుంకం వెయ్యాలని అమెరికా రైతులు, వ్యాపారులు కోరారు. వాళ్ళ తరఫున ప్రతినిధుల సభ ఆర్థిక సంఘం ముందు మాట్లాడ్డానికి వాళ్ళు పంపింది కార్వర్‌ని. దక్షిణాదిన నల్లవారు తెల్లవారితో కలిసి కూర్చుని భోంచెయ్యలేని రోజులవి. ఆయనకు ఇచ్చిన సమయం పది నిమిషాలు. ఒక సభ్యుడు పుచ్చకాయ ప్రస్తావన తెచ్చి ఎద్దేవా చేశాడు. అక్కడ నల్లవారిని వెక్కిరించడానికి వాడే పాత హాస్యం అది. కార్వర్ దానికి శాంతంగా ఓ మాట జవాబు చెప్పి, పెట్టెలోంచి మరో సీసా తీశారు. వేరుశనగతో చేసిన పాలు, రంగులు, పిండి ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. పది నిమిషాలు అయిపోయాయి. సంఘం ఇంకా చెప్పమంది. మళ్ళీ చెప్పమంది. చివరికి మీకు కావలసినంత సమయం తీసుకోండి అంది. 1922లో వచ్చిన సుంకాల చట్టంలో వేరుశనగ చేరింది.

"ఆ రోజు ఆయన్ని ఎవరూ జాతి గురించి మాట్లాడమని అడగలేదు. ఆయనకు తెలిసింది మాట్లాడనిచ్చారు" అన్నారు పెద్దాయన. తరవాత ఒక క్షణం ఆగి, "మీకు నీళ్ళ మీద శ్రద్ధ ఉంటే వారెన్ కౌంటీ చూసి రండి, పెద్ద దూరం కాదు" అన్నారు.

లారీలు వచ్చిన ఊరు

సెప్టెంబరులో ఒక ఆదివారం మా అల్లుడు తీసుకెళ్ళాడు. కేరీ నుంచి ఈశాన్యంగా గంటకు పైగా ప్రయాణం. దారి పొడుగునా పైన్ చెట్లు, పొగాకు చేలు, అక్కడక్కడా తెల్లరంగు చర్చీలు. ఆఫ్టన్ అనే పల్లె దగ్గర రోడ్డు పక్కన రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన చారిత్రక ఫలకం ఉంది. అది తప్ప అక్కడేదో జరిగిందనడానికి ఆనవాలు లేదు. చూడ్డానికేం లేదని మా అల్లుడు కొంచెం నిరాశపడ్డాడు. నేను మాత్రం కారు దిగి అరగంట నిలబడ్డాను.

జరిగిందిది. పి.సి.బి. అని పొట్టిగా పిలిచే నూనె లాంటి రసాయనాన్ని కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లలో వాడేవారు. అది నేలలో పడితే తొందరగా పోదు, ఒంట్లో చేరితే కొవ్వులో నిలవుంటుంది, కాన్సర్ కారకం. దాని పారవేతకు కొత్త నిబంధనలు వచ్చాయి, ఖర్చు పెరిగింది. ఖర్చు తప్పించుకోవడానికి 1978 వేసవిలో కొందరు రాత్రిపూట ట్యాంకరు లారీ కుళాయి తిప్పి, నార్త్ కరోలినా రోడ్ల పక్కన దాదాపు 240 మైళ్ళ పొడవునా ఆ విషపు నూనెను పారబోసుకుంటూ పోయారు. పారబోసినవాళ్ళకు తరవాత శిక్ష పడింది. కానీ విషం కలిసిన ఆ మట్టినంతా తవ్వి ఎక్కడో ఒకచోట పూడ్చాలి కదా. రాష్ట్ర ప్రభుత్వం ఎంచుకున్న చోటు వారెన్ కౌంటీలో ఈ ఆఫ్టన్. జనాభాలో ఎక్కువ మంది నల్లవారు, రాష్ట్రంలో బాగా పేద కౌంటీల్లో ఒకటి.

ఇక్కడ ఒక సంగతి పాఠకులు గమనించాలి. ఆఫ్టన్ జనం మొదట మాట్లాడింది జాతి గురించి కాదు, బావుల గురించి. ఆ ప్రాంతంలో తాగేది బావి నీళ్ళే. పూడ్చబోయే చోట పది అడుగులు తవ్వితే చాలు, నీరు తగిలేస్తుంది. అలాంటి గొయ్యి అడుగుకూ భూగర్భ జలానికీ మధ్య యాభై అడుగుల ఎడం ఉండాలని కేంద్ర పర్యావరణ సంస్థ నిబంధన. ఈ ఒక్క చోటుకు దాన్ని సడలించారు. అడుగున ప్లాస్టిక్ పొర, బంకమట్టి పరుస్తాం, పైన మూత వేస్తాం, లోపల పొడిగానే ఉంటుంది, చుక్క కారదు అని అధికారులు చెప్పారు. కారుతుందని ఊరివాళ్ళు అన్నారు. నల్లవారూ, తెల్లవారూ కలిసి సంఘం కట్టుకుని, ఆ నేల సంగతి చెప్పడానికి శాస్త్రజ్ఞుల మాటలు తెచ్చుకుని, కోర్టులకు వెళ్ళి నాలుగేళ్ళ దాకా ఇదే మొత్తుకున్నారు. ఎవరూ వినిపించుకోలేదు.

1982 సెప్టెంబరు 15న లారీలు వచ్చాయి. అప్పుడు జనం పక్కనున్న కోలీ స్ప్రింగ్స్ బాప్టిస్టు చర్చి నుంచి నడిచి వచ్చి రోడ్డు మీద లారీలకు అడ్డంగా పడుకున్నారు. వారాల తరబడి అదే. అయిదు వందలకు పైగా అరెస్టులు జరిగాయి. డాలీ బర్వెల్ లాంటి ఊరి ఆడవాళ్ళు, పాదిరీలు, పిల్లలు. వాషింగ్టన్ నుంచి వచ్చిన కాంగ్రెస్ ప్రతినిధి వాల్టర్ ఫాంట్రాయ్‌ని కూడా పోలీసులు పట్టుకుపోయారు. పౌరహక్కుల నాయకులు వచ్చారు, వాళ్ళ వెంట టీవీ కెమెరాలు వచ్చాయి. అయినా దాదాపు ఏడువేల లారీల మట్టి ఆ గోతిలోకి వెళ్ళింది.

నాలుగేళ్ళు నీటి గురించి చెబితే వినని దేశం, రోడ్డు మీద పడుకుని జాతి వివక్ష అన్నాక తల తిప్పి చూసింది. నాకు అక్కడ నిలబడి ఉండగా మనసులో గుచ్చుకున్నది ఇదే. ఆ గోతికి ఆ ఊరినే ఎంచుకోవడంలో జాతి ఉంది, కాదనలేం. కానీ వాళ్ళు చెప్పిన మాట నేలలో నీరు ఎలా నడుస్తుందన్న మాట. అది జీవశాస్త్రం టీచరు ఎవరైనా ఒప్పుకునే మాట.

ఆ మాటే నిజమైంది కూడా. పొడిగా ఉంటుందన్న గోతిలో లక్షల గ్యాలన్ల నీరు చేరిందని 1993లో రాష్ట్ర ప్రభుత్వమే ఒప్పుకుంది. ఆ మట్టిని వేడి చేసి విషం తీసేసే పని 2003 చివరికి పూర్తయింది. దానికైన ఖర్చు కోటీ డెబ్భై లక్షల డాలర్లకు పైనే. లారీలు వచ్చి అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళు.

లెక్క కట్టినవాళ్ళు

ఆఫ్టన్ తరవాత జరిగింది నాకు సంతోషం కలిగించే కథ, ఎందుకంటే అందులో లెక్కలున్నాయి. ఫాంట్రాయ్ అడిగిన మీదట కేంద్ర ప్రభుత్వ ఆడిట్ కార్యాలయం ఆగ్నేయ రాష్ట్రాల్లోని నాలుగు పెద్ద ప్రమాదకర వ్యర్థాల గోతుల్ని పరిశీలించింది. నాలుగింట మూడు నల్లవారు ఎక్కువగా ఉన్న చోట్ల ఉన్నాయని 1983లో చెప్పింది. 1987లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ వారి సంఘం దేశమంతటికీ లెక్క తీసింది. అలాంటివి ఎక్కడ పెడతారో చెప్పడానికి ఆదాయం కన్నా జాతే బలమైన సూచిక అని తేలింది.

ఇంతకన్నా ముందే టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో ఒక చిన్న మేష్టారు ఈ పని మొదలుపెట్టారు. రాబర్ట్ బులర్డ్ అని నల్లజాతి సమాజ శాస్త్రవేత్త. 1979లో ఆయన భార్య లాయరుగా ఒక చెత్తకుప్ప మీద కేసు వేస్తూ, నగరంలో చెత్తకుప్పలన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో తేల్చి పెట్టమన్నారు. అప్పట్లో కంప్యూటరు పటాలు ఏమున్నాయి? బులర్డ్ తన విద్యార్థుల్ని వెంటేసుకుని పాత రికార్డులు తిరగేశారు, ఊరంతా తిరిగారు. నగరపాలక సంస్థ అప్పటిదాకా నడిపిన చెత్త పూడ్చే చోట్లు అయిదు. అయిదుకు అయిదూ నల్లవారి పేటల్లోనే. హ్యూస్టన్ జనాభాలో వాళ్ళు నాలుగో వంతు. కేసు ఓడిపోయారు. ఆ లెక్కల నుంచే 1990లో ఆయన పుస్తకం వచ్చింది. పర్యావరణ న్యాయం అనే కొత్త చదువే దాంతో మొదలైందని అంటారు.

షికాగోలో హేజల్ జాన్సన్ అనే గృహిణి కథ కూడా ఇలాంటిదే. 1969లో భర్త ఊపిరితిత్తుల కాన్సర్‌తో పోయాడు. చెత్తకుప్పలు, ఫ్యాక్టరీల మధ్య కట్టిన ప్రభుత్వ క్వార్టర్లలో ఏడుగురు పిల్లలతో మిగిలిందావిడ. ఇల్లిల్లూ తిరిగి ఎవరికి ఏ జబ్బుందో రాసుకుంది. చుట్టూ విషం, మధ్యలో మేం అని తమ పేటకు "విషపు డోనట్" అని పేరు పెట్టింది. మన గారె లాగే మధ్యలో చిల్లు ఉండే తీపి వంటకం అది. డిగ్రీలు లేకపోయినా ఆవిడ చేసింది పరిశోధనే అని నా ఉద్దేశం.

1994 ఫిబ్రవరి 11న అధ్యక్షుడు క్లింటన్, ప్రతి కేంద్ర సంస్థా తన నిర్ణయాల వల్ల పేదలకూ, మైనారిటీలకూ జరిగే పర్యావరణ నష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలని ఉత్తర్వు ఇచ్చారు. ముప్పై ఏళ్ళు నిలిచిన ఆ ఉత్తర్వును 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. అప్పటికి నేను బరంపురం వచ్చేశాను.

పిట్టల కోసం వెళ్ళిన మనిషి

ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవరాలికి పిట్టల పిచ్చి. "అమ్మమ్మా, ఇది చూడు" అని తన టాబ్లెట్‌లో క్రిస్టియన్ కూపర్ కార్యక్రమం చూపించింది. న్యూయార్కు నల్లాయన, మెళ్ళో దుర్భిణి, ముఖంలో చిన్నపిల్లాడి సంబరం. ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది మాత్రం పిట్టల వల్ల కాదు. 2020 మే 25న సెంట్రల్ పార్కులో పిట్టలు చూస్తూ, కుక్కకు గొలుసు వెయ్యమని ఒకావిడను అడిగారు. అది అక్కడి నియమమే. ఆవిడ పోలీసులకు ఫోన్ చేసి, ఒక ఆఫ్రికన్ అమెరికన్ తనను బెదిరిస్తున్నాడని చెప్పింది. అదే రోజున మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు మోకాలి కింద ప్రాణం విడిచాడు. తరవాత వారం పది రోజుల్లోనే నల్లజాతి యువ శాస్త్రవేత్తలు "నల్లవారి పిట్టల వారం" అని జరిపారు. మేమూ అడవుల్లో, చెరువుల దగ్గర ఉన్నాం, మాకూ పిట్టల పేర్లు తెలుసు అని చెప్పుకోవడానికి. కూపర్ 2023లో పుస్తకం రాశారు, టీవీలో పిట్టల కార్యక్రమం చేశారు. మా మనవరాలికి ఆయన పిట్టల మామయ్య. పార్కు గొడవ దానికి ఈమధ్యే తెలిసిందట. ఆ వరస నాకు నచ్చింది.

ఆ రోజుల్లోనే ఆయానా ఎలిజబెత్ జాన్సన్ అనే నల్లజాతి సముద్ర శాస్త్రవేత్త వాషింగ్టన్ పోస్టులో ఒక వ్యాసం రాశారు. భూమి వేడెక్కడం మీద పనిచెయ్యవలసిన తన సమయాన్నీ ఓపికనూ జాతి వివక్ష ఎలా తినేస్తుందో అందులో చెప్పుకున్నారు. మన దృష్టిని అసలు పని మీంచి మళ్ళించడమే వివక్ష చేసే పెద్ద పని అని నవలా రచయిత్రి టోనీ మారిసన్ 1975లోనే ఒక ఉపన్యాసంలో అన్నారు. నేను ఆ సభలో మడిచి సంచిలో పెట్టుకున్న కాగితం గుర్తొచ్చింది.

ఇంకో లెక్క చెప్పి ఈ భాగం ముగిస్తాను. భూమి వేడెక్కుతోందని ఆందోళన పడేవాళ్ళు అమెరికా తెల్లవారిలో 49 శాతమైతే నల్లవారిలో 57 శాతమని 2020లో యేల్ విశ్వవిద్యాలయం చెప్పింది. అయితే 2018లో వారి జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వచ్చిన అధ్యయనం ఏమంటోందంటే, పేదలకూ నల్లవారికీ పర్యావరణం అంతగా పట్టదని అమెరికన్లు అనుకుంటారట. చిత్రం ఏమిటంటే పేదలూ, నల్లవారూ కూడా తమవాళ్ళ గురించి అలాగే తక్కువగా అంచనా వేశారు. నలుగురూ నిన్ను ఒక్క ప్రశ్నే అడుగుతుంటే, కొన్నాళ్ళకు నీ దగ్గర ఆ ఒక్క జవాబే ఉందని నువ్వూ అనుకుంటావేమో. తెల్లవారు కానివారు దేశ జనాభాలో 36 శాతమున్నా, పర్యావరణ సంస్థల ఉద్యోగాల్లో, కార్యవర్గాల్లో 16 శాతం దాటడం లేదని 2014లో డార్సెటా టేలర్ అనే నల్లజాతి ప్రొఫెసర్ లెక్క తేల్చారు.

నేను బయల్దేరే ముందు పెద్దాయన ఎండబెట్టిన బొబ్బర్లు చిన్న డబ్బాలో తెచ్చిచ్చారు. విత్తనాలు ఊరికే పట్టుకెళ్ళకూడదు, విమానాశ్రయంలో పట్టుకుంటారని మా అమ్మాయి అంది. ఆయన విస్తరణాధికారి కదా, "అది సరైన నియమమే, పురుగులు తెగుళ్ళు ఆ దేశానికి పోకూడదు" అని తనే సమర్థించారు. డబ్బా అక్కడే ఉండిపోయింది. మర్నాడు మా అమ్మాయి నెయ్యి వేసి గుగ్గిళ్ళు చేస్తే ఆయన కూడా వచ్చి తిన్నారు. ఉప్పు తక్కువైందన్నారు. నిజమే.

నేను ఆయనకు మా చెరువు సంగతి చెప్పాను. కాగితాలు లేకపోయినా లెక్కలన్నీ నోటికే వచ్చు. ఆయన మధ్యలో ఆపి ఆపి ప్రశ్నలు వేశారు. కాలువ వాలు ఎటు, అడుగున బంకమట్టేనా, బావులు చెరువుకు ఏ పక్కన ఉన్నాయి? ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్నలు.

పోయిన నెల మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడు, "అమ్మా, తోట తాతగారు నిన్ను అడిగారే" అంది.

"ఏమన్నారు?"

"మీ అమ్మగారి చెరువు ఏమైంది అని."

ఒక మూల పూడ్చేశారు, మూడు వంతులు ఇంకా ఉంది, వచ్చే నెలలో మళ్ళీ సభ ఉంది అని చెప్పమన్నాను. మాట్లాడేవాళ్ళు ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలట. పెట్టుకున్నాను. విషయం అన్నచోట ఒడియాలో పెద్ద అక్షరాలతో "నీరు" అని రాశాను. దాని కింద గీత కూడా గీశాను.